సెపరేటర్ ఫిల్మ్: బలం పెంచితే ఎక్స్‌ట్రూడర్ మొరాయిస్తోంది, తగ్గిస్తే సూది దిగిపోతోంది

ఏర్పేడు_ఫిల్మ్
మూడు నెలలుగా ఒకే చోట తిరుగుతున్నా. లిథియం సెల్ సెపరేటర్ (ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉండే అడ్డుపొర) కోసం పాలిథిలీన్ ఫిల్మ్ చేస్తున్నాం, వెట్ పద్ధతిలో. పాలిమర్ పొడిని పారఫిన్ నూనెతో కలిపి చిన్న ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో (రెండు స్క్రూలతో కరిగించి ముందుకు నెట్టే యంత్రం) కరిగించి, షీటుగా తీసి, రెండు దిక్కులా సాగదీసి, తర్వాత నూనెను సాల్వెంట్‌తో కడిగేస్తాం. నూనె ఉన్న చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. మా గురి 12 మైక్రాన్లు, పంక్చర్ బలం (సూది దిగకుండా ఫిల్మ్ ఆపగలిగే బరువు) 300 గ్రాముల పైన.

మామూలు హెచ్‌డీపీఈ (హై డెన్సిటీ పాలిథిలీన్) ఎక్కువ వేస్తే లైను హాయిగా నడుస్తుంది, ఫిల్మ్ చూడ్డానికీ బాగుంటుంది, కానీ పరీక్షలో 200 దగ్గరే సూది దిగిపోతుంది. అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ రకం (అణువుల గొలుసులు చాలా పొడుగ్గా ఉండే పాలిథిలీన్, ఇక్కడి నుంచి అల్ట్రా అని రాస్తా) మొత్తం పాలిమర్‌లో 30 శాతం దాటిస్తే బలం వస్తోంది గానీ టార్క్ (స్క్రూ తిప్పడానికి పట్టే బలం) పెరిగి మోటారు ట్రిప్ అవుతుంది, డై (షీటు బయటికొచ్చే మూతి) దగ్గర ప్రెషర్ ఊగుతుంది, షీటులో ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలా గింజలు కనిపిస్తాయి. సాగదీసేటప్పుడు సరిగ్గా ఆ గింజ దగ్గరే టప్పున తెగుతుంది. నిన్న ఒక్క షిఫ్టులో పదకొండు సార్లు తెగింది. ప్రతిసారీ మళ్ళీ క్లిప్పులకు ఎక్కించేసరికి ముప్పావు గంట.

బలం కావాలంటే లైను నడక వదులుకోవాలా? ఈ పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి, నిజంగా విసిగిపోయాను.

తోతాపురి
నాకు ఈ పని తెలియదు, ఎలక్ట్రిక్ స్కూటర్ మీద రోజూ చిత్తూరు వెళ్ళొస్తా కాబట్టి ఆసక్తి. 12 మైక్రాన్లంటే ఎంత సన్నం?

స్లిట్టర్_సీను
@తోతాపురి తల వెంట్రుక 70 మైక్రాన్లు అనుకుంటే అందులో ఆరో వంతు. నీ స్కూటర్ సెల్‌లో ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య అడ్డు అదొక్కటే. అది చిరిగితే లోపలే షార్ట్.

@ఏర్పేడు_ఫిల్మ్ తమ్ముడూ, గింజలు అల్ట్రా ఎక్కువైనందుకు రావు, నానకపోయినందుకు వస్తాయి. నూనె ఎక్కడ పోస్తున్నావ్? ఎన్ని చోట్ల?

ఏర్పేడు_ఫిల్మ్
రెండు పొడులూ కలిపి హాపర్‌లో వేస్తున్నాం అన్నా. నూనె మొత్తం రెండో జోన్‌లో ఒకేసారి పంపుతో.

స్లిట్టర్_సీను
అక్కడే ఉంది తప్పు. హెచ్‌డీపీఈ ముందు కరుగుతుంది, నూనెను ముందు అదే తాగేస్తుంది. అల్ట్రా గింజకు పైతోలు మాత్రం ఉబ్బి జారుడుగా తయారవుతుంది, లోపల పొడి పొడిగానే ఉంటుంది. ఇక స్క్రూ ఎంత నలిపినా ఆ గింజ చేపపిల్లలా జారిపోతుంది తప్ప నలగదు. శ్రీసిటీ వైపు ఫిల్మ్ లైన్ల మీద పద్నాలుగేళ్ళు చేశా. మాది ప్యాకింగ్ ఫిల్మే, సెపరేటర్ కాదు, అయినా గింజ ఎక్కడైనా గింజే.

ముందు ఒక పని చెయ్యి. గింజ ఉన్న చోట చిన్న ముక్క కత్తిరించి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, హాట్ ప్లేట్ మీద వేడి చేస్తూ మైక్రోస్కోప్‌లో చూడు. వేడికి గింజ మెత్తబడి నొక్కితే పరుచుకుంటే అది నానని అల్ట్రా. ఎంత వేడికీ అలాగే అంచులతో నిలబడితే కాలిపోయి గట్టిపడిన ముక్కో, దుమ్మో. రెండింటికీ మందు వేరు. చూడకుండా రెసిపీ మార్చొద్దు.

కరకంబాడి_ప్లేట్లు
ఇంత తలనొప్పి ఎందుకు, బ్యారెల్ వేడి ఒక 30 డిగ్రీలు పెంచితే టార్క్ దానంతటదే దిగుతుంది కదా. లెడ్ యాసిడ్ సెపరేటర్లతో నా సర్వీసంతా గడిచింది, అందులోనూ అల్ట్రా, నూనే. దాంతోపాటు సిలికా కూడా. మేమెప్పుడూ టార్క్‌కి భయపడలేదు.

రియాలజీ_రమ
@కరకంబాడి_ప్లేట్లు సార్, దీనికి నేను ఒప్పుకోను. వేడి పెంచితే టార్క్ దిగే మాట నిజమే, కానీ ఎందుకు దిగిందో చూడాలి. కొంత వేడికి పలచబడటం వల్ల, కొంత గొలుసులు తెగిపోవడం వల్ల. అల్ట్రా గొలుసు పొడుగు కాబట్టి షియర్‌కి (స్క్రూ నలుపుడుకి), వేడికి, ఆక్సిజన్‌కి అదే ముందు తెగుతుంది. కిలో ఎక్కువ ధర పెట్టి అల్ట్రా కొని, బ్యారెల్ లోపలే దాన్ని హెచ్‌డీపీఈగా మార్చుకున్నట్టు అవుతుంది.

తెలుసుకోవడం కష్టం కాదు. వేసిన పొడి, బయటికొచ్చిన షీటు (నూనె కడిగి), రెండింటి ఇంట్రిన్సిక్ విస్కాసిటీ (గొలుసు పొడుగును తెలిపే చిక్కదనం కొలత) డెకాలిన్ అనే సాల్వెంట్‌లో 135 డిగ్రీల దగ్గర కొలవాలి. రెండోది బాగా పడిపోతే గొలుసులు తెగుతున్నట్టే. హాపర్‌లో నైట్రోజన్, మిశ్రమంలో యాంటీ ఆక్సిడెంట్ ఉన్నాయా ముందు చెప్పండి.

ఏర్పేడు_ఫిల్మ్
యాంటీ ఆక్సిడెంట్ ఉంది మేడమ్. నైట్రోజన్ లేదు.

రియాలజీ_రమ
పెట్టండి. ఇక అసలు ప్రశ్నకు వస్తా, ఇది కాస్త పొడుగు.

కరిగిన పాలిమర్ చిక్కదనం మాలిక్యులర్ వెయిట్‌తో పాటు దాదాపు 3.4 ఘాతంలో పెరుగుతుంది. గొలుసు పొడుగు రెట్టింపైతే చిక్కదనం పదింతలు దాటుతుంది. అల్ట్రా అంటే 10 లక్షలకు పైన, మీ హెచ్‌డీపీఈ బహుశా మూడు నాలుగు లక్షలు ఉంటుంది. మీ మోటారు ఎందుకు ట్రిప్ అవుతుందో ఇందులోనే ఉంది. అన్ని గొలుసులు ఒకదాంట్లో ఒకటి ముడిపడి ఉంటే కదలవు. కానీ బలం కూడా ఆ పొడుగు వల్లే. ఒక స్ఫటికం నుంచి ఇంకో స్ఫటికానికి వంతెనలా వెళ్ళే గొలుసులే బరువు మోస్తాయి, పొట్టి గొలుసులకు అంత అందుబాటు ఉండదు.

ఇంతవరకూ చూస్తే బలం, నడక ఒకదానికొకటి శత్రువుల్లాగే ఉన్నాయి. కానీ 1970ల చివర్లో నెదర్లాండ్స్‌లో డీఎస్ఎం సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెమ్‌స్ట్రా చేసిన పని చూడండి. అల్ట్రాని సాల్వెంట్‌లో పలచగా కరిగించారు, ముడులు తగ్గాయి, ఆ జెల్ దారాన్ని ఎన్నో రెట్లు సాగదీశారు. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే దారం అలా పుట్టింది. మీ పారఫిన్ నూనె చేసే పనీ అదే. పనిచేసే వేళ మెత్తగా, పని అయ్యాక గట్టిగా. మీరు బలాన్ని రెసిపీలో వెతుకుతున్నారు, దాంట్లో సగానికి పైగా సాగదీతలో ఉంది.

తోతాపురి
మేడమ్ నాకు అర్థమయ్యేట్టు ఒక్క ముక్కలో?

రియాలజీ_రమ
@తోతాపురి వీచు పరోటా. మాస్టర్ మైదా ఉండల్ని నూనెలో ముంచి రెండు గంటలు నానబెడతాడు. నానని ఉండను విసిరితే ముడుచుకుంటుంది, లేకుంటే చిరుగుతుంది. నానింది చేతి కింద బల్ల కనబడేంత పలచన అవుతుంది, అయినా చిరగదు. పిండి అదే.

తోతాపురి
రేణిగుంట రోడ్డులో రాత్రి పదింటికి ఆ విసరడం చూస్తూ నిలబడేవాణ్ణి. ఇంత సంగతి ఉందని తెలీదు. ఇప్పుడు ఆకలేస్తోంది.

స్లిట్టర్_సీను
రమ మేడమ్ పోలిక బాగుంది, ఒక్క తేడా. పరోటా చల్లారితే మెత్తగానే ఉంటుంది, మన షీటు చిల్ రోల్ (చల్లబరిచే రోలర్) మీద చల్లారగానే పాలిమర్ ఒకవైపు, నూనె ఒకవైపు విడిపోయి స్ఫటికం కడుతుంది. ఎంత త్వరగా చల్లారితే అంత సన్నని అల్లిక. కాబట్టి సాగదీతకు ముందే సగం కథ రోల్ మీద రాసి ఉంటుంది. తమ్ముడూ, షీటుకి రోల్ తగిలే ముఖం, గాలి తగిలే ముఖం ఒకేలా మెరుస్తున్నాయా?

ఏర్పేడు_ఫిల్మ్
లేదన్నా, గాలి వైపు కాస్త పాలలా మసకగా ఉంటుంది. అది మామూలేమో అనుకున్నా.

స్లిట్టర్_సీను
మామూలు కాదు. ఆ వైపు మెల్లగా చల్లారింది, అల్లిక ముతకగా కట్టింది. ఎయిర్ నైఫ్ (సన్నని చీలిక నుంచి గాలి ఊదేది) పెట్టు, లేదా రెండో రోల్.

జీవకోన_డ్రై
అందరూ వెట్ గురించే మాట్లాడుతున్నారు. డ్రై పద్ధతికి నూనె లేదు, సాల్వెంట్ లేదు, కడగడం లేదు. పాలీప్రొపిలీన్‌ని కరిగించి వేగంగా లాగి, అనీల్ చేసి (కరగనంత వేడిలో కాసేపు ఉంచి), ముందు చల్లగా తర్వాత వేడిగా సాగదీస్తే చీలికల్లాంటి రంధ్రాలు వాటంతటవే వస్తాయి. నడకే కావాలంటే ఇంతకన్నా సులువు ఏముంది?

నగరి_మగ్గం
@జీవకోన_డ్రై అన్నా, నేను సెల్ వైండింగ్ లైన్ మీద ఆపరేటర్ని. ఎక్కడో చెప్పను. ఆ ఫిల్మ్ పొడుగునా గుంజితే ఇనుములా ఉంటుంది, అడ్డంగా గోరు తగిలితే చాలు సర్రున నిలువునా చీలుతుంది. ఒక దిక్కునే సాగదీసిన దాంట్లో అడ్డం బలం పొడుగు బలంలో పదో వంతు ఉంటుంది. మా నాన్న పవర్‌లూమ్ నడిపేవాడు, ఆయన మాటల్లో చెప్పాలంటే పడుగు ఉంది, పేక లేదు. పేక లేని గుడ్డ ఎట్లుంటుంది?

ఏర్పేడు అన్న పోస్టు చదివినప్పటి నుంచి ఒకటి అడగాలనుంది. ఆ 300 ఎవరు చెప్పారు మీకు?

ఏర్పేడు_ఫిల్మ్
గైడ్‌లైన్లలో ఎప్పుడూ కనబడే అంకె అదే కదా.

రియాలజీ_రమ
మంచి ప్రశ్న వేశావు @నగరి_మగ్గం. అమెరికా బ్యాటరీ కన్సార్షియం వాళ్ళ గురిలో 300 గ్రాములు అన్నది ఒక మిల్‌కి, అంటే 25 మైక్రాన్లకు. మీరు 12 మైక్రాన్లకు కొలుస్తున్నారు. మీ 200ని మందంతో భాగిస్తే మైక్రానుకు దాదాపు 16.7 గ్రాములు, 25 మైక్రాన్ల లెక్కన 417. మీరు పారేస్తున్న ఫిల్మ్ ఆ గురి దాటేసింది.

ఏర్పేడు_ఫిల్మ్
మేడమ్… మూడు నెలలు.

స్లిట్టర్_సీను
ఆగండాగండి, తొందరపడి సంబరం వద్దు. లెక్క సరే. కానీ ఫిల్మ్ సగం పలచనైతే ఎలక్ట్రోడ్ అంచు మీద బర్ కూడా సగమవుతుందా? కాదు కదా. రాగి రేకు కోసిన చోట మిగిలే ముల్లు అంతే ఉంటుంది, దానికి మైక్రానుకు ఇన్ని గ్రాములు అన్న లెక్క తెలీదు. అందుకే పలచని ఫిల్మ్‌కి మైక్రానుకు బలం ఎక్కువే కావాలి. 12 మైక్రాన్లకు 300 అడగడం అత్యాశ కాదు, అడగాల్సిందే. మేడమ్‌తో ఈ ఒక్క దగ్గర నేను విభేదిస్తా.

నగరి_మగ్గం
సీను అన్న చెప్పింది కళ్ళారా చూశా. ఒకసారి వరసగా సెల్స్ హై పాట్ పరీక్షలో (ఎక్కువ వోల్టేజీ పెట్టి లోపల షార్ట్ ఉందా చూసేది) ఫెయిల్ అవుతుంటే ఒకటి విప్పాం. సెపరేటర్‌ని లైటుకి పెట్టి చూస్తే అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపల, ప్రతి చుట్టుకీ ఒకే వరసలో, సూదిమొనంత మచ్చలు. వేలితో తడిమితే ఏమీ తెలీదు, వెలుతురుకి పెడితే చుక్కల ముగ్గులా ఉంది. స్లిట్టింగ్ బ్లేడు మొద్దుబారింది. బ్లేడు మార్చాక అదే సెపరేటర్ బాగానే నడిచింది. కాబట్టి మీ ఇద్దరిదీ నిజమే, బలం ఎంత కావాలో అవతల ముల్లు ఎంతుందో చూసి చెప్పాలి.

ఇంకోటి. మాకు పంక్చర్ కన్నా ముందు పొడుగు దిక్కులో సాగకపోవడం ముఖ్యం. టెన్షన్ మీద ఫిల్మ్ సాగితే వెడల్పు సన్నబడుతుంది, అంచున ఎలక్ట్రోడ్ బయటపడుతుంది.

రియాలజీ_రమ
@స్లిట్టర్_సీను ఒప్పుకుంటున్నా. గైడ్‌లైన్ దాటిందని చెప్పడం వరకే నా లెక్క, సరిపోతుందని కాదు.

కరకంబాడి_ప్లేట్లు
వేడి విషయంలో రమ గారి మాట తీసుకుంటున్నా. మాది 200 మైక్రాన్ల పైన మందం, గొలుసులు కాస్త తెగినా బయటపడదు, ఇక్కడ 12లో దాచుకోవడానికి చోటు లేదు. ఇంకో తేడా కూడా చెప్తా. మేము నూనె మొత్తం తీసెయ్యం, 10 నుంచి 20 శాతం కావాలనే ఉంచుతాం, యాసిడ్‌లో ఆక్సిడేషన్ నుంచి అదే కాపాడుతుంది. మీరు మొత్తం కడగాలి. దేంతో కడుగుతున్నారు?

ఏర్పేడు_ఫిల్మ్
డైక్లోరోమీథేన్.

స్లిట్టర్_సీను
అది మరిగేది 39.6 డిగ్రీలకి. మన తిరుపతి మే నెల మధ్యాహ్నం దానికి పొయ్యి అక్కర్లేదు. తొట్టి మూత, చిల్లర్, ఎగ్జాస్ట్, మూడూ పక్కాగా ఉండాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద నిలుస్తుంది, పైన ఫ్యాన్ పెట్టి తీసేశాం అనుకుంటే పొరపాటు. వంగి నేల మీద ఏదైనా తీసే పిల్లాడికి ముందు తల తిరుగుతుంది. నాకు తెలిసిన ఒక చోట అలా జరిగింది, ఆ అబ్బాయి లేచాడు కాబట్టి సరిపోయింది. దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

పీవీడీఎఫ్_పిల్ల
ఎక్స్‌ట్రూడర్ లేనివాళ్ళం కూడా ఉన్నామండీ ఇక్కడ. నేను పీవీడీఎఫ్-హెచ్ఎఫ్‌పీ (ఫ్లోరిన్ ఉన్న రెండు భాగాల పాలిమర్) ద్రావణాన్ని గాజు మీద పోసి ఆరబెడతా, సాల్వెంట్ అసిటోన్, కొంచెం నీళ్ళు. నాదీ ఇదే బాధ. హెచ్ఎఫ్‌పీ పెరిగితే స్ఫటికత తగ్గి ఎలక్ట్రోలైట్ బాగా పీల్చుకుంటుంది, వాహకత బాగుంటుంది, కానీ తడిశాక ఉబ్బి తడిసిన అప్పడంలా వేలాడుతుంది. పైగా ఎండాకాలం పోసిన పొర పారదర్శకంగా వస్తే, నవంబర్ వానల్లో అదే ద్రావణం తెల్లగా సుద్దలా వచ్చింది. ఆరు వారాలు నా కొలతల్ని అనుమానించాను. చివరికి గదిలో తేమ మీటరు పెడితే తెలిసింది, గాలిలో నీరే రంధ్రాలు చేస్తోంది.

రియాలజీ_రమ
@పీవీడీఎఫ్_పిల్ల తేమ అంకెను ప్రతి నమూనా పక్కన రాయమ్మా. బలం కోసం ఆ పొరను ఒంటరిగా నిలబెట్టకు, పలచని పాలిథిలీన్ ఫిల్మ్ మీద పూతగా వేసి చూడు. బరువు అది మోస్తుంది, తడిని నీది పట్టుకుంటుంది.

జీవకోన_డ్రై
సరే, వెట్టే చేద్దాం. అయితే అల్ట్రాని పూర్తిగా తీసేసి, హెచ్‌డీపీఈనే ఇంకా ఎక్కువ సాగదీస్తే పోదా? సాగదీతలోనే సగం బలం అన్నారుగా.

రియాలజీ_రమ
రెండు ఇబ్బందులు. ముడులు మరీ తక్కువైతే ఎక్కువ సాగదీసినప్పుడు గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకోక జారిపోతాయి, ఫిల్మ్ సన్నబడుతుంది గానీ బలపడదు. రెండోది ఇంకా ముఖ్యం. సెల్ వేడెక్కి 130 డిగ్రీలు దాటితే పాలిథిలీన్ కరిగి రంధ్రాలు మూసుకుంటాయి, అయాన్ల దారి ఆగిపోతుంది, అది మనకు రక్షణ. కానీ మూసుకున్నాక ఆ కరిగిన పొర అక్కడే నిలబడాలి. పొట్టి గొలుసులదైతే పలచగా జారిపోయి ఎలక్ట్రోడ్లు తగులుకుంటాయి. అల్ట్రా ఉంటే కరిగినా తేనెకన్నా ఎన్నో రెట్లు చిక్కగా పట్టుకుని ఉంటుంది. ఎక్స్‌ట్రూడర్‌లో మిమ్మల్ని ఏడిపించే ఆ చిక్కదనమే అక్కడ స్కూటర్ నడిపే మనిషిని కాపాడుతుంది. అందుకే నేను అల్ట్రాని సున్నా చెయ్యమనను.

తోతాపురి
ఆ చివరి మాట నా గురించే. తగ్గించొద్దు మేడమ్ 🙏

మన తిరుపతి ఎలక్ట్రానిక్స్ క్లస్టర్‌లో 2022 సెప్టెంబర్‌లో లిథియం సెల్ ప్లాంటు ట్రయల్ ఉత్పత్తి అని చదివినప్పుడు రోజుకు 20 వేల సెల్స్ సామర్థ్యం అని రాశారు. అన్నింట్లోనూ ఈ పొర ఉండాల్సిందే కదా. ఇది మన ఊళ్ళోనే తయారైతే చూడాలని ఉంది.

ఏర్పేడు_ఫిల్మ్
రెండు వారాల తర్వాత వస్తున్నా, అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది.

గింజలు: సీను అన్న చెప్పినట్టు గాజు పలకల మధ్య తొమ్మిది చూశాం. ఎనిమిది మెత్తబడి పరుచుకున్నాయి, ఒకటి నల్లటి మసి. కాబట్టి నానడమే సమస్య. ఇప్పుడు అల్ట్రాని విడిగా, నూనెలో కొంత భాగంతో, కరిగే వేడికి కింద, మెల్లగా కలుపుతూ నానబెట్టి స్లరీగా పంపుతున్నాం. మిగతా నూనె నాలుగో జోన్‌లో. మొదటిరోజు స్లరీ గొట్టంలో అడుగుకి దిగి పంపు మూసుకుపోయింది, ట్యాంకులో కలియబెట్టే రెక్క మార్చాక సర్దుకుంది.

అల్ట్రా 25 శాతానికి దించాం. సాగదీత పొడుగూ అడ్డం 5కి 5 రెట్ల నుంచి 7కి 7 రెట్లకు పెంచాం. తెగడం షిఫ్టుకి ఒకటో రెండో. మోటారు ఒక్కసారీ ట్రిప్ కాలేదు. పంక్చర్ 12 మైక్రాన్లకు 340 దగ్గర వస్తోంది. మొదటి నమూనా మీద సూది 300 దాటి ఇంకా పైకి పోతుంటే మా టెక్నీషియన్ మిషన్ చెడిపోయిందనుకుని ఆపేశాడు.

కొత్త సమస్యలు: గర్లీ, అంటే 100 సీసీ గాలి పోవడానికి పట్టే సమయం, 180 సెకన్ల నుంచి 310కి పెరిగింది. 105 డిగ్రీల దగ్గర గంట ఉంచితే అడ్డం దిక్కులో 9 శాతం ముడుచుకుంటోంది.

స్లిట్టర్_సీను
శభాష్ తమ్ముడూ. ఎక్కువ సాగదీస్తే ఎక్కువ ముడుచుకుంటుంది, లాగిన రబ్బరు ఊరుకోదు. రెండోసారి టెంటర్‌లో (అంచులు క్లిప్పులతో పట్టి అడ్డంగా లాగే ఓవెన్) హీట్ సెట్ చెయ్యి. అడ్డంగా కొంచెం లాగి, ఆ వేడిలోనే కొన్ని శాతం వదులు. వేడి మాత్రం ఒక్కో డిగ్రీ చొప్పున పెంచు, ఎక్కువైతే రంధ్రాలు మూసుకుని గర్లీ ఇంకా పెరుగుతుంది. గర్లీ ఇప్పుడు పెరగడానికి సాల్వెంట్ ఆరేటప్పుడు ఫిల్మ్ వదులుగా ఉండటం కారణమేమో చూడు. ఆరేటప్పుడు ఆ తడి రంధ్రాల గోడల్ని దగ్గరకు లాగేస్తుంది. అంచులు పట్టుకుని ఆరబెట్టు.

రియాలజీ_రమ
ఇంట్రిన్సిక్ విస్కాసిటీ ఎంత పడింది?

ఏర్పేడు_ఫిల్మ్
ముందు దాదాపు మూడో వంతు పోయేది మేడమ్. నైట్రోజన్, స్లరీ పెట్టాక పదో వంతు. అంటే అప్పట్లో 30 శాతం వేశామనుకున్నాం గానీ నిజానికి అంత అల్ట్రా ఫిల్మ్‌లో మిగల్లేదు. ఆరబెట్టేటప్పుడు రోలర్ల మీద వదులుగానే పోతోంది అన్నా, సోమవారం నుంచి క్లిప్పులు పెట్టి చూస్తా.

కరకంబాడి_ప్లేట్లు
ముడుచుకోవడం అప్పటికీ తగ్గకపోతే ఒక వైపు రెండు మూడు మైక్రాన్ల అల్యూమినా పూత ఉండనే ఉంది. కానీ ముందు ఫిల్మ్‌ని సరిచెయ్యి, పూతతో తప్పు కప్పొద్దు.

నగరి_మగ్గం
హీట్ సెట్ అయ్యాక ఒక 200 మీటర్ల రోల్ చేసి చెప్పన్నా. మా దగ్గర ట్రయల్ వైండర్ ఆదివారాలు ఖాళీగా ఉంటుంది, సూపర్‌వైజర్‌ని అడిగా, సరే అన్నారు. టెన్షన్ మెల్లగా పెంచుకుంటూ ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో రాసిస్తా. అంచులు మాత్రం కొత్త బ్లేడుతో కోయించు. అంచులో చిన్న గాటు ఉన్నా అక్కణ్ణుంచే చీలుతుంది, అప్పుడు తెగింది ఫిల్మ్ వల్లో బ్లేడు వల్లో ఇద్దరికీ తెలీదు.